చారలమ్మ బూరుగు పరుపు

తేనెగుట్ట అడవిలో దుప్పులు, కొండముచ్చులు, నెమళ్ళు, ముంగిసలు కలిసిమెలిసి ఉండేవి. కలిసిమెలిసి అంటే రోజూ పోట్లాడుకుంటూనే అన్నమాట. ఆ అడవిలో ఒక మద్దిచెట్టు తొర్రలో చారలమ్మ అనే ఉడుత కాపురం ఉండేది. అదే చెట్టు మొదట్లో, వేళ్ళ కింద బొరియలో, సూదమ్మ అనే ముసలి ముళ్ళపంది ఉండేది. సూదమ్మ రాత్రంతా దుంపల కోసం తిరిగి, తెల్లవారాక వచ్చి పడుకొనేది.

చారలమ్మకు చాలాకాలానికి ఒక్కగానొక్క పిల్లవాడు పుట్టాడు. వాడికి గింజడు అని పేరు పెట్టింది. వాడు పుట్టకముందే, ఎండాకాలంలో బూరుగు కాయలు పగిలినప్పుడు, అడవంతా తిరిగి దూది ఏరి తెచ్చింది. దాన్ని తొర్రలో దట్టంగా కూరి మెత్తని పరుపు వేసింది. బారసాలకు వచ్చిన గోరింక ఆ పరుపు చూసి నోరు వెళ్ళబెట్టింది.

"పులిపిల్లకు కూడా ఇలాంటి పరుపు ఉండదు వదినా" అంది.

ఆ మాటతో చారలమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఉడుత కాళ్ళు మామూలుగానే నేల మీద తక్కువ ఆనుతాయనుకోండి, అది వేరే సంగతి.

వానాకాలం వచ్చింది. ముసురు పట్టింది. చారలమ్మ తడుస్తూ వెళ్ళి నాలుగు పళ్ళు తిని, ఆ తడి ఒంటితోనే వచ్చి పిల్లవాణ్ణి పొదువుకొని పరుపు మీద పడుకొనేది. చలిగాలి తగలకుండా తొర్ర నోటికి ఆకులు అడ్డం పెట్టేది. పైగా ఆ ఉడుతల ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. పిల్లలు కళ్ళు తెరిచేదాకా వాళ్ళ పక్క కదపకూడదు, వాళ్ళను గూడు దాటించకూడదు. చారలమ్మ దాన్ని పొల్లుపోకుండా పాటించింది.

ఒకరోజు తొర్రలో ముక్కిన వాసన వచ్చింది. పరుపు అంచు ఎత్తి చూస్తే అడుగున నల్లటి చుక్కలు కనిపించాయి. వాన ఎక్కడినుంచో కారుతోందని అనుకొని, తుమ్మజిగురు తెచ్చి తొర్రలో ఉన్న చిన్నచిన్న కన్నాలన్నీ పూడ్చేసింది. చుక్కలు తగ్గలేదు. ఒకదానితో ఒకటి కలిసి మరకలయ్యాయి.

అప్పుడు గోరింకను సలహా అడిగింది.

"పైన కాసిని అడవిమల్లెలు పరుచు వదినా. వాసన పోతుంది. అడుగున ఏముందో ఎవరు చూడొచ్చారు?" అంది గోరింక.

చారలమ్మకు ఆ సలహా బాగా నచ్చింది. చేతికి శ్రమలేని సలహా ఎవరికి నచ్చదు? పరుపు నిండా పూలు పరిచింది.

మర్నాడు పొద్దున్నే, పడుకోబోతున్న సూదమ్మ ముక్కు పైకెత్తింది.

"అమ్మాయ్, పూలవాసన వెనకాల ముక్కిన వాసన వస్తోంది. పిల్లవాడి పక్కకు బూజు పట్టిందేమో చూసుకో. ఆ తొర్ర నోరు కాస్త తెరిచిపెట్టు" అంది.

చారలమ్మకు ఒళ్ళు మండింది. "మట్టిలో పడుకొనేవాళ్ళకు బూరుగు పరుపు సంగతి ఏం తెలుస్తుంది పెద్దమ్మా? నా పరుపుకు ఏమీ కాలేదు" అంది.

సూదమ్మ ఆవలించి లోపలికి వెళ్ళిపోయింది.

వాన కురుస్తూనే ఉంది. గింజడికి దగ్గు పట్టుకుంది. ఆ తర్వాత ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలోంచి సన్నగా ఈలలాంటి చప్పుడు రావడం మొదలైంది. దాన్ని మనుషులు పిల్లికూతలంటారు. ఉడుతల ఇంట్లో ఆ పేరు ఎత్తరు. ఒక పొద్దున వాడు పాలు కూడా నోట పెట్టలేదు. పక్కటెముకలు ఎగరేసుకుంటూ ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడు. చారలమ్మ పరుపు, పొగడ్తలు, పంతం అన్నీ మరిచిపోయి చెట్టు దిగి పరిగెత్తింది.

"పెద్దమ్మా, ఒకసారి లేస్తావా? నా పిల్లవాడికి ఊపిరి ఆడటం లేదు" అని బొరియ నోటి దగ్గర నిలబడి ఏడ్చింది.

సూదమ్మ అప్పుడే కునుకు తీస్తోంది. లేచి వచ్చింది. నేను ముందే చెప్పలేదా అని దెప్పుతుందేమోనని చారలమ్మ తల వంచుకుంది. ఆ ముసలిది ఆ మాటే ఎత్తలేదు.

"తొర్రలో పైకప్పు తడిగా ఉందా, పొడిగా ఉందా?" అని మాత్రం అడిగింది.

"పొడిగానే ఉంది పెద్దమ్మా. పరుపు అడుగునే చెమ్మ. వాన కారుతోందని కన్నాలన్నీ జిగురుతో పూడ్చాను కూడా."

"అయితే అది వాననీళ్ళు కాదమ్మా. నీ తడి బొచ్చు, మీ ఇద్దరి ఊపిరి. ఆ ఆవిరి బయటికి పోయే దారులన్నీ నువ్వే పూడ్చావు. ఇక అది ఎక్కడికి పోతుంది? పరుపు అడుగున చేరుతుంది. నా బొరియకు రెండు నోళ్ళున్నది ఊరికే కాదు, గాలి ఒకవైపు వచ్చి ఒకవైపు పోవాలి."

"అయితే ఎండ రాగానే పరుపు ఆరబెడతాను."

"తడి అయితే ఆరుతుంది. దూది లోపలికి దిగిన బూజు పోదు. ఆ పరుపు మీద ఆశ వదులుకో."

చారలమ్మ మనసు చివుక్కుమంది. మళ్ళీ బూరుగు దూది కావాలంటే వచ్చే ఎండాకాలం దాకా ఆగాలి. కానీ పైనుంచి పిల్లవాడి దగ్గు వినిపించింది. ఇంకేమీ ఆలోచించలేదు.

"పారేస్తాను. కానీ వాడింకా కళ్ళు తెరవలేదు పెద్దమ్మా. గూడు దాటించకూడదంటారు. పైగా పిల్లల్ని ఎత్తుకుపోయే డేగ ఉంది."

"ఆ ఆచారం పెట్టినవాళ్ళు పిల్లవాడు బతకాలనే పెట్టి ఉంటారు. వాణ్ణి దించు. డేగ సంగతి నేను చూసుకుంటాను."

అదృష్టం కొద్దీ ఆ రోజు వాన తెరిపిచ్చి ఎండ కాసింది. చారలమ్మ పిల్లవాణ్ణి నోట కరుచుకొని దించింది. సూదమ్మ ఎండపొడలో కూర్చొని, ముళ్ళు లేని తన పొట్ట దగ్గర వాణ్ణి పడుకోబెట్టుకుంది. వీపు మీది ముళ్ళన్నీ నిక్కబొడిచింది.

పైన చారలమ్మ ఆ పరుపును ముద్దముద్దలుగా పీకి దూరంగా పారేసింది. అడుగు దూది నల్లబడి జిగటగా ఉంది. తన బిడ్డ ఇన్నాళ్ళూ దీని మీదనా పడుకున్నది అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చెక్కకు పట్టిన నలుపును పళ్ళతో గీకి ఊసేసింది. జిగురు పీకి కన్నాలు తెరిచింది. తొర్రలోకి గాలి, వెలుతురు వచ్చాయి.

మధ్యలో డేగ వచ్చి పక్క కొమ్మ మీద వాలింది. చారలమ్మ బిగుసుకుపోయింది. కింద సూదమ్మకు నిద్రతో కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా ముళ్ళు గలగలలాడించింది. డేగ కాసేపు చూసి, లాభం లేదనుకొని ఎగిరిపోయింది. సాయంత్రం దాకా సూదమ్మ అలాగే తూలుతూ, ఉలిక్కిపడి లేస్తూ, కాపలా కాసింది.

తొర్ర బాగా ఆరాక చారలమ్మ అడుగున పుల్లలు ఎడంఎడంగా పేర్చి, వాటి మీద ఎండు నార పలచగా పరిచింది. అప్పటినుంచి బయటినుంచి వచ్చాక ఒళ్ళు దులుపుకొని, ఆరాకే పిల్లవాడి దగ్గర చేరేది. ఎండ కనబడితే చాలు, నార తీసి కొమ్మ మీద వేసేది.

గోరింక వచ్చి పెదవి విరిచింది. "ఇదేం పక్క వదినా, ఇంత పలచగా?"

"గాలి ఆడే పక్క వదినా" అంది చారలమ్మ నవ్వుతూ.

గింజడి దగ్గు మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఒక పొద్దున చారలమ్మకు మెలకువ వచ్చేసరికి ఆ ఈల చప్పుడు వినిపించలేదు. అన్నాళ్ళూ ఆ చప్పుడు విని విని, అది లేకపోయేసరికి ఆమెకు ప్రాణం పోయినట్టయింది. వాడి ఛాతీకి చెవి ఆనించింది. లోపల ఊపిరి, ఏ ఈలా లేకుండా, హాయిగా వచ్చి పోతోంది.

చారలమ్మ గబగబా చెట్టు దిగింది. సూదమ్మ అప్పుడే తిరిగొచ్చి బొరియలోకి దూరబోతోంది.

"పెద్దమ్మా, నేను నిన్ను అంత మాటన్నాను. అయినా నువ్వు నిద్ర మానుకొని నా బిడ్డను దక్కించావు. నీ రుణం ఎలా తీర్చుకోను?"

"తీర్చుకుందువులే. ముందు నన్ను కాస్త పడుకోనివ్వు తల్లీ" అంది సూదమ్మ.

ఆ మాట చారలమ్మ మనసులో పెట్టుకుంది. ఆ రోజంతా బొరియ పైనున్న వేరు మీద కూర్చుంది. కొండముచ్చులు అరవబోతే వారించింది. గోరింక కబుర్లకు వస్తే దూరంగా తీసుకుపోయింది. తను ఒక్క కిచకిచ కూడా అనలేదు. ఉడుతకు అది ఎంత కష్టమో ఉడుతకే తెలుసు. కింద బొరియలోంచి సన్నగా గురక వినిపిస్తుంటే, చారలమ్మ ఆ గురకను తృప్తిగా వింటూ కూర్చుంది.

నీతి: చెడును కప్పిపెడితే అది పెరుగుతుంది, మొదట్లోనే తీసి పారేయాలి. మొహమాటపడకుండా దాన్ని మనకు చూపించినవారి, అక్కరకు ఆదుకున్నవారి మేలు మరవకూడదు.