సేనాపతిగారి పంతొమ్మిదో బూరె

ప్రమాదీచ నామ సంవత్సరం, జ్యేష్ఠ శుద్ధ దశమి, గురువారం. రోహిణి కార్తె ఇంకా వెళ్లలేదు. జాము పొద్దెక్కకుండానే వడగాడ్పు మొదలైంది. అంత ఎండలో నాగులకోన రాజు తిమ్మభూపతికి ఒక సందేహం వచ్చింది.

"సైన్యానికి ఎంత ఖర్చు పెడితే చాలు? ఆ 'చాలు' ఎక్కడుందో చూపించినవాడికి అడిగింది ఇస్తాను" అన్నాడు కొలువులో.

ఈ ప్రశ్న ఇప్పటికీ తెగలేదు. నేను బి.ఏ. చదివే రోజుల్లో మా ఎకనామిక్స్ మాస్టారు బోర్డు మీద ఒక పక్క తుపాకి, ఒక పక్క వెన్నముద్ద గీసి, దేశానికి ఏది ఎంత కావాలో చెప్పమనేవారు. తుపాకి బాగానే కుదిరేది. వెన్నముద్దే ఇడ్లీలా వచ్చేది. ఇక మాకు ఆకలి తప్ప ఇంకేమీ తోచేది కాదు. సరే, కథలోకి వద్దాం.

సేనాపతి వీరమల్లప్ప మీసం సవరించుకుని లేచాడు.

"పొరుగున మబ్బుకోనకు రెండు వందల గుర్రాలున్నాయి ప్రభూ! మనకు రెండు వందల ఒకటి ఉండాలి. పక్కవాడికంటే ఎప్పుడూ ఒకటి ఎక్కువ. అంతే!"

"మరి డబ్బు?"

"రేవు దగ్గర సత్రం మూసేద్దాం. దారిన పోయేవాళ్లందరికీ అన్నం పెట్టాలా ఏమిటి?"

రాజు తల ఊపబోయాడు. ఆ సత్రం నడిపేదీ, కోటలో వడ్డన చూసేదీ పేరయ్యే. రోజూ నూరుమంది బాటసారులు అతని చేతి అన్నం తినేవారు.  పేరయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"సేనాపతిగారి మాట బాగుంది ప్రభూ. ఇవాళ భోజనాల్లో ఒకసారి చూద్దామా?"

"గరిటె తిప్పేవాడివి, యుద్ధాల సంగతి నీకెందుకయ్యా?" అన్నాడు సేనాపతి.

"యుద్ధాలు కాదు బాబూ, బూరెలు."

రాజుకు సరదా పుట్టింది. సరేనన్నాడు.

మబ్బుకోన రాయబారి సింగరాజు అప్పటికి కోటలోనే అతిథిగా ఉన్నాడు. పేరయ్య అతనికీ సేనాపతికీ ఎదురెదురుగా విస్తళ్లు వేసి, రాజు ముందే షరతు చెప్పాడు. సేనాపతి ఎప్పుడూ రాయబారికంటే ఒక బూరె ఎక్కువ తినాలి. విస్తట్లో పడ్డది వదలకూడదు.

రాయబారి నాలుగు తిన్నాడు. సేనాపతి అయిదు తిని మీసం తుడుచుకున్నాడు.

"అదెలా కుదురుతుంది?" అన్నాడు రాయబారి. "నాగులకోనకంటే ఒకటి ఎక్కువ ఉండాలని మా ప్రభువులూ చెప్పి పంపారు. వెయ్యవయ్యా ఇంకో రెండు!"

ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పేరయ్య నవ్వకుండా వడ్డిస్తున్నాడు, పైన నెయ్యి పోస్తున్నాడు. పన్నెండో బూరెకు రాయబారి నడికట్టు వదులు చేసుకున్నాడు. పదిహేనో బూరెకు సేనాపతి కత్తి ఊడదీసి పక్కన పెట్టాడు.

"మీరు ఆపితే నేనూ ఆపుతాను" అన్నాడు రాయబారి, చెమట తుడుచుకుంటూ.

"ముందు మీరు ఆపండి!"

ఎవరూ ఆపలేదు. రాయబారి కళ్లు మూసుకుని పద్దెనిమిదోది మింగాడు. పేరయ్య పంతొమ్మిదో బూరె పట్టుకుని సేనాపతి ముందు వంగాడు.

సేనాపతి రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టేశాడు.

"చాలు! చాలు పేరయ్యా, నీకు పుణ్యముంటుంది!"

"నాక్కూడా చాలు!" అని రాయబారీ చేతులు అడ్డం పెట్టాడు.

"నీ ఆకలి ఎప్పుడు తీరింది సేనాపతీ?" అన్నాడు రాజు.

"అయిదో బూరెకే ప్రభూ."

"మరి మిగతావి?"

"ఆయన తిన్నాడని."

"ఈయన తిన్నాడని" అన్నాడు రాయబారి.

పేరయ్య గరిటె కింద పెట్టాడు.

"ఆకలి మన కడుపులో చూసుకోవాలి ప్రభూ. వీరు ఎదుటి విస్తట్లో చూసుకున్నారు!"

కొలువంతా గొల్లుమంది. రాయబారీ నవ్వబోయాడు గాని, పొట్ట ఒప్పుకోలేదు.

"మన కొండదారులు ఎన్ని సేనాపతీ?" అని అడిగాడు రాజు.

"నాలుగు ప్రభూ."

"వాటిని కాయడానికి ఉన్న గుర్రాలు సరిపోవా?"

"సరిపోతాయి ప్రభూ."

"అయితే సత్రం జోలికి వెళ్లకు. పేరయ్యా, నీకేం కావాలో అడుగు."

పేరయ్య సత్రాన్నే అడిగాడు. రాజు దాన్నీ, దాని వెనకున్న మామిడితోటనూ అతనికి రాసిచ్చాడు.

పేరయ్య పోయాక సత్రం, తోట చిన్నకూతురు అచ్చమ్మకు వచ్చాయి. గంగాళాలు, గరిటెలు అల్లుడికి దక్కాయి. పెద్దకొడుకు తండ్రి వద్దన్నా వినకుండా దండులో చేరాడు. వాడికేమీ రాలేదు. గుర్రం కూడా రాలేదు.