ఓబన్న రెండు సీసాలు

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో ఓబన్న అని ఒక గొర్రెల కాపరి ఉండేవాడు. తల నెరిసిన మనిషి. పట్టుబట్టాడంటే వదిలేవాడు కాదు. ఆయనకు నూట ఇరవై గొర్రెలు, నాగక్క అని ఒక భార్య, రెండు మందు సీసాలు ఉండేవి. నవ్వకు, కథంతా ఆ సీసాల మీదే.

ఒక సీసాలోది గొర్రెకు తాపే మందు, కడుపులో పురుగులు పోవడానికి. రెండోది ఒంటికి పూసే మందు, పిడుదులు చావడానికి. పూసేది నోట్లోకి పోతే గొర్రె బతకదు. చూడ్డానికి సీసాలు రెండూ ఒక్కలాగే ఉండేవి. పశువుల డాక్టరు వాటి మీద చీటీలు రాసి అంటించాడు గానీ, ఓబన్నకు చదువు రాదు. అందుకని తాపేదానికి నల్ల ఉన్ని దారం, పూసేదానికి తెల్ల ఉన్ని దారం కట్టుకున్నాడు.

ఒకరోజు మేక ఒకటి ఆ దారాలు రెండూ నమిలేసింది. అప్పుడు నాగక్క, తాపేది ఇదే అయ్యుంటుందని ఒక సీసాకు నల్ల దారం కట్టింది. అది పూసే మందు. ఆ తర్వాత మూడు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి.

వానలు పడితే మంద కొండ మీదికి పోవాలి. నాలుగు నెలలు అక్కడే. అక్కడ చీటీ చదివిపెట్టే మనిషి దొరకడు. అందుకని ఓబన్న, ఈలోగా చదవడం వస్తే సరే, రాకపోతే మందను చదువొచ్చిన తమ్ముడికి అప్పజెప్పి ఇంట్లో కూర్చుంటానని భార్యతో అన్నాడు. నువ్వు ఇంట్లో కూర్చుంటే నేను పుట్టింటికి పోతానని ఆమె అంది.

ఆ ఊళ్ళో కనకవల్లి అని ఒక పంతులమ్మ ఉండేది. దీపాలు పెట్టాక పెద్దవాళ్ళకు చదువు చెప్పేది. అక్షరాలు వరసలోనే రావాలని ఆమె నమ్మకం. వరసలోనే చెప్పింది. ఓబన్న పాటలాగా అప్పజెప్పాడు. మధ్యలో ఒకటి చూపించి ఇదేమిటంటే మాత్రం, మళ్ళీ మొదటినుంచి పాడుకుంటూ రావలసిందే.

ఆ తర్వాత, తప్పు రాస్తే పదిసార్లు రాయమంది. ఓబన్న ఆ తప్పే పదిసార్లు, ఒక్కటీ విడవకుండా రాసుకొచ్చాడు.

ఆ తర్వాత పాపం అనిపించి, ఆగిన చోటల్లా తానే అందించింది. అప్పుడు ఓబన్న గడగడా చదివాడు. పంతులమ్మ సంతోషపడింది. ఓబన్న మాత్రం పలక పక్కన పెట్టేశాడు.

“చదివింది అక్షరాన్ని కాదమ్మా, నీ మొహాన్ని. కొండ మీదికి నీ మొహం రాదు కదా” అన్నాడు.

ఆ రాత్రి పంతులమ్మకు అన్నం సయించలేదు. మర్నాడు సాయంత్రం గొర్రెల దొడ్డికి వెళ్ళింది. ఓబన్న కంపదడి సందు దగ్గర నిలబడి ఉన్నాడు. గొర్రెలు ఒక్కొక్కటే లోపలికి పోతున్నాయి. ఆయన లెక్కపెట్టలేదు. అన్నీ పోయాక, చెవి చీలిన గొర్రె రాలేదని చెప్పి వెతకడానికి బయల్దేరాడు.

ఇదెవరు నేర్పారని పంతులమ్మ అడిగింది.

“మా నాయన నన్ను సందు దగ్గర నిలబెట్టి తన దారిన పోయేవాడు. నేను మరిచిన గొర్రెను నేనే తెచ్చుకోవాలి” అన్నాడు ఓబన్న.

అప్పుడు పంతులమ్మ వరసను పక్కన పెట్టింది. అక్షరాలను అట్టముక్కల మీద రాసి, తలుపు సందులోంచి ఒక్కొక్కటే తోసింది. ఓబన్న గొర్రెలకు పెట్టినట్టే వాటికీ గుర్తులు పెట్టుకున్నాడు. ఠ అంటే పొట్టలో చుక్కున్నది. ఇంకొకటి తోక వంకర. రోజూ ఒకటి దాచిపెట్టి ఏది రాలేదని అడిగేది. తను మాత్రం చెప్పేది కాదు. చెప్పకుండా ఊరుకోవడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది.

వానలు పడ్డాయి. బయల్దేరే రోజు మందకు మందు తాపాలి. పంతులమ్మ కూడా దొడ్డికి వెళ్ళింది. ఓబన్న సీసాల దారాలు తెంపేశాడు. ఒక సీసా తీసి చీటీ మీద వేలు పెట్టాడు. పెదాలు కదిలాయి. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత మూత తిప్పబోయాడు.

అది పూసే మందు. పంతులమ్మ చూసింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

పంతులమ్మనే అడగరాదా అని నాగక్క గొణిగింది. పంతులమ్మ కింద కూర్చుని, ముందున్న గొర్రెపిల్లను ఒడిలోకి తీసుకుని, దాని మూతి అరచేత్తో మూసి పట్టుకుంది. అంతే.

ఓబన్న చెయ్యి మూత మీద ఆగింది. మళ్ళీ మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు. రెండోసారి చదివాడు. మూడోసారి పైకి చదివాడు.

“పూసే మందు.”

ఆ సీసా కింద పెట్టి రెండోది తీశాడు. దాన్నీ మూడుసార్లు చదివాడు. అప్పుడు వచ్చి పంతులమ్మ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“చెయ్యి తియ్యమ్మా. దానికి మందు తాపాలి” అన్నాడు.

ఆమె చెయ్యి తీసింది.

మంద కొండ ఎక్కింది, వాన చెరువెక్కింది.
కథేమో కంచి దారి పట్టింది, నిద్రేమో నీ కంటి దారి పట్టింది.