పైడి మెడలో రాగిబిళ్ళ

దుప్పటి కప్పుకో బుజ్జులూ, చెప్తా. అనగా అనగనగా, సముద్రం ఒడ్డున, దీపస్తంభం ఉన్న ఒక ఊళ్ళో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవాళ్ళు. పెద్దది నూకరత్నం, చిన్నది పైడి. పైడికి చెవులు వినపడవు, మాటలు రావు. వాళ్ళమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని తెల్లారేసరికి సంతలకు వెళ్ళిపోయేది.

అమ్మ అటు వెళ్ళడం, పైడి ఇల్లు దాటడం. కన్ను మూసి తెరిచేలోగా మాయం. ఒకసారి సరుగుడు తోటల్లో దొరికింది. ఒకసారి ఉప్పుమడుల దగ్గర దొరికింది. మూడోసారి రెండు పూటలు వెతికినా దొరకలేదు. చివరికి దొరికాక చూస్తే పిల్ల కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. పేరడిగితే చెప్పలేదు కదా, ఎవరు మాత్రం ఇంటికెలా చేరుస్తారు?

అప్పుడు ఇరుగుపొరుగు వాళ్ళు అన్నారు, "నడుముకు తాడు కట్టి గుంజకు కట్టెయ్యండి." అమ్మ ఏడుస్తూనే తాడు తెచ్చింది.

రత్నం ఆ తాడు పట్టుకుని, "నా చెల్లెలు మేకపిల్ల కాదమ్మా. నాకు కొంచెం గడువియ్యి," అంది.

ఇంట్లో చిల్లుపడ్డ రాగిచెంబు ఉంది. దాన్ని కోసి, సుత్తితో సాపుచేసి, గుండ్రటి బిళ్ళలు తీసింది. ఆ రోజుల్లో చదువొచ్చిన వాళ్ళు తక్కువ. అందుకని బిళ్ళ మీద పేరు కాదు, బొమ్మ ఉండాలనుకుంది. దీపస్తంభం, దాని పక్కన తమ గుమ్మం ముందు బోర్లించి ఉండే పాత పడవ. ఆ బొమ్మ చూస్తే ఎవరైనా ఇల్లు కనుక్కోవాలి.

తేనెమైనం కరిగించి బిళ్ళకు రెండువైపులా పూసింది. అది గట్టిపడ్డాక దబ్బనంతో బొమ్మ గీసింది. గీసినచోట రాగి బయటపడింది. ఆ తర్వాత పులిసి పుల్లగా మారిన కల్లులో ఉప్పు కలిపి, బిళ్ళను అందులో వేసింది. మైనం ఉన్నచోటును ఆ పులుపు ముట్టుకోదు. గీత ఉన్నచోట రాగిని మెల్లమెల్లగా తినేస్తుంది.

మొదటి బిళ్ళకు మైనం పల్చగా పడింది. పెచ్చులూడి, బిళ్ళంతా మచ్చలైపోయింది. రత్నం దాన్ని పక్కన పెట్టేసింది.

రెండోదానికి మందంగా పూసింది. గీత ఇంకా లోతుగా దిగాలని చాలా రోజులు వదిలేసింది. తీసి చూస్తే దీపస్తంభం ఉన్నచోట చిల్లు.

"ఇక చాల్లే రత్నం," అంది అమ్మ.

"చెంబు ఇంకా మిగిలుందమ్మా," అంది రత్నం. గాట్లు పడ్డ వేళ్ళకు ఆ పులుపు తగిలి భగ్గుమంటున్నా మళ్ళీ మైనం పెట్టింది.

మూడోదాన్ని పొద్దునా సాయంత్రం పుల్లతో పైకి తీసి, గోటితో తడిమి చూసుకుంది. గీత గోటికి చక్కగా తగిలాక మైనం కరిగించి, చింతపండుతో తోమింది. ఎర్రగా మెరిసే బిళ్ళ మీద దీపస్తంభం నిలబడింది. పక్కన పడవ. దానికి తాడు ఎక్కించి పైడి మెడలో వేసింది.

కొన్నాళ్ళకు పైడి మళ్ళీ తప్పిపోయింది. ఈసారి చాలా దూరం. ఏడుస్తున్న పిల్లను గాజులమ్మే అవ్వ చూసింది. బిళ్ళ చూసి, "దీపస్తంభం ఊరు సముద్రం వైపు కదూ," అని ఉప్పుబండి ఎక్కించింది. బండివాడు రేవు దాకా తెచ్చి పడవవాళ్ళకు అప్పజెప్పాడు. పడవవాళ్ళు ఒడ్డున దిగి, బోర్లించిన పడవను వెతుక్కుంటూ పిల్లను గుమ్మంలో దింపారు. పైడిని కట్టెయ్యడానికి తెచ్చిన తాడును అమ్మ తీసి బావిచేదకు కట్టేసింది.

రత్నం మాత్రం ఊరుకోలేదు. ఈ పిల్ల ఎందుకు వెళ్తోంది? మిగిలిన రాగిముక్కకు మైనం పూసి, ఎక్కడికి వెళ్తున్నావో గియ్యమని సైగ చేసి, దబ్బనం పైడి చేతికిచ్చింది.

పైడి రాగిముక్కను ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత వంకరటింకరగా ఒక ఆడమనిషిని గీసింది. ఆమె నెత్తిన గంప. వెనకాల ఒక చిన్న పిల్ల, చెయ్యి చాపి నడుస్తోంది.

అమ్మ ఆ బొమ్మ చూసి పైడిని దగ్గరికి లాక్కుంది. "నా వెనకే వస్తోందా ఇన్నాళ్ళూ," అంది.

మర్నాడు తెల్లారేసరికి అమ్మ గంప నెత్తినెత్తుకుని ఒక చేత్తో పట్టుకుంది. రెండో చేత్తో పైడి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ సంతకు వెళ్ళారు.

కథ వెళ్ళింది కంచికి,
మనం చేరాం మంచానికి.
కబుర్లు చాలు ఇవాళ్టికి,
కునుకు రావాలి కంటికి.