నాంచారమ్మ ఎడమ చెవి

మా గురువుగారు భూషణాచారి గారికి ఒక చెడ్డ అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా సూటిగా జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్ళను కుంపటి దగ్గర కూర్చోబెట్టి, ఏదో ఒక పని చేతిలో పెట్టేవారు. పని అయ్యేలోపు జవాబు దొరికితే సరే, దొరక్కపోతే ఆ పూటకు ఒక పనైనా తెమిలేది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో కొందరు దీన్ని జ్ఞానం అనేవారు, కొందరు చాదస్తం అనేవారు. నేను మాత్రం ఆ రోజు నా నడుం నొప్పి ఎంత ఉందో చూసుకుని అటో ఇటో మొగ్గేవాణ్ణి.

మా దగ్గరే పని నేర్చుకుని వెళ్ళిన హైమావతి వచ్చి అడిగిన రోజున నాకు అది చాదస్తంగానే తోచింది. ఎందుకంటే ఆ మనిషిని చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. గడప దగ్గర చెప్పులు విప్పడానికి కూడా గోడ పట్టుకుంది. ఒళ్లో పాత తువ్వాలులో చుట్టిన సుత్తి పెట్టుకుని కూర్చుంది. సుత్తి తెచ్చిందంటే మాకు విషయం అర్థమైపోయినట్టే. మా కొట్లో ఒక కట్టుబాటు ఉంది. పని నేర్చుకుని వెళ్ళేవాళ్ళకు గురువుగారు తన చేత్తో ఒక సుత్తి ఇస్తారు. ఇక ఈ పని నావల్ల కాదు అనుకున్నవాళ్ళు దాన్ని తెచ్చి మళ్ళీ ఆయన చేతికే ఇచ్చేయాలి. ఇచ్చే ముందు, ఆ రోజు కొట్టుకు వచ్చిన మొదటి మనిషికి ఒక నగ చేసిపెట్టాలి. సుత్తి తిరిగి ఇచ్చేసినవాళ్ళు మళ్ళీ పనిలో కూర్చోవడం మా ఎరుకలో లేదు.

"గురువుగారూ, ఒకప్పుడు నా చేతిలో ఏదో ఉండేది. మీకూ తెలుసు. అది పోయింది. మళ్ళీ వస్తుందా, రాదా? రాదంటే చెప్పెయ్యండి, ఇది మీకిచ్చేసి వెళ్ళి పడుకుంటాను" అంది హైమావతి. ఏడుస్తూ అనలేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి కదా.

ఆమె చేతిలో ఏముండేదో నాకూ తెలుసు. సాలె వీధి పిల్ల. మా దగ్గరికి వచ్చిన కొత్తలో మగ్గం కింద రాలిన పట్టు పోగులు ఒళ్లో వేసుకుని వచ్చేది. రాగి తీగకు పట్టుదారం చుట్టేది, కొబ్బరిచిప్ప అరగదీసి వెండి అంచు కట్టేది, పగిలిన గాజు ముక్కను ఇత్తడి రేకులో పొదిగేది. మేమంతా నవ్వేవాళ్ళం. ఇది కంసాలి పనా, బొమ్మల కొలువా అని ఏడిపించేవాళ్ళం. గురువుగారు నవ్వేవారు కాదు. తర్వాత ఇంట్లో జరుగుబాటు కోసం కవరింగ్ నగల కార్ఖానాలో చేరింది. అక్కడ రేకు పెట్టడం, అచ్చు దించడం, తీయడం. మళ్ళీ రేకు. జుంకీలు జతలు జతలుగా రాలేవి. ఒకదానికొకటి వెంట్రుక వాసి తేడా ఉన్నా జత చెడిందని పక్కన పారేసేవారు. అలా పొద్దున్నుంచి సాయంత్రం దాకా, పెళ్ళి కాకముందు మొదలుపెట్టి, తల నెరిసేదాకా చేసింది. మధ్యలో ఒకటి రెండుసార్లు ఇంటి దగ్గర తనకోసం ఏదైనా చేసుకుందామని కూర్చుందట. తీగ చేతిలో పట్టుకుని, ఏం చేయాలో తోచక, తీగనే చూస్తూ నిద్రపోయిందట.

గురువుగారు అంతా విన్నారు. ఊదుగొట్టం పక్కన పెట్టి, "ముందు కాసిని మంచినీళ్ళు తాగు. ఎవరో ఒకరు వస్తారుగా" అన్నారు. అంతే. నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చిన మనిషికి ఒక మంచిమాట చెబితే ఈయన సొమ్మేం పోయింది అనుకున్నాను.

వచ్చింది నాంచారమ్మ. రేవు నుంచి చేపలు తెచ్చి మా వీధుల్లో అమ్ముతుంది. గంప ఖాళీ చేసుకుని తిరిగి పోతూ మా అరుగు మీద ఒక క్షణం ఆగి నడుం సాచుకోవడం ఆమెకు మామూలే. ఆ రోజు మాత్రం గంప దించి లోపలికి వచ్చింది. ఎడమ చెవి మీదుగా ఎప్పుడూ పైట కప్పుకుని ఉంటుంది. ఆ పైట తీసి చూపించింది. చెవి తమ్మె కింద నుంచి నిలువునా చీలిపోయి ఉంది.

"పడుచుదనంలో తెగింది నాయనా. పడవ దగ్గర వల లాగుతుంటే ముడి వచ్చి దుద్దుకు తగులుకుంది. ఆసుపత్రిలో కుట్టారు, మళ్ళీ తెగింది. మళ్ళీ కుట్టరంట. అప్పట్నించీ ఒక చెయ్యి గంపకి, ఒక చెయ్యి పైటకి. ఇప్పుడు ఈ రెండో రెక్క పైకి లేవట్లేదు. కప్పుకుని కప్పుకుని విసుగొచ్చిందయ్యా. ఏదన్నా ఒకటి తేలిగ్గా చేసిపెట్టు, పెట్టుకుంటా."

గురువుగారు హైమావతి వైపు చూశారు. హైమావతి లేచి, నాంచారమ్మ ముందు కూర్చుంది. చెవిని వేళ్ళతో పట్టుకుని చూసింది. చీలిక ఎంత మేర ఉందో చూసింది. నొప్పి ఉందా అని అడిగింది. ఇదంతా నేను కళ్ళారా చూశాను కాబట్టే తర్వాత జరిగినదానికి ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

మధ్యాహ్నం దాకా తల ఎత్తకుండా పని చేసింది. ఇత్తడి రేకును ఊదితే ఎగిరిపోతుందేమో అన్నంత పల్చగా సాగదీసింది. లోపల గుల్లగా ఉండే చిన్న బుట్ట చేసి అంచుకు చుక్కలు కొట్టింది. పని తెలిసిన చెయ్యి, వంక పెట్టడానికి లేదు. మెరుగు పెట్టి, కుంకుడు రసంలో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, నాంచారమ్మ ముందు ఆకు మీద పెట్టింది.

రెండు పెట్టింది.

రెండూ ఒకే తీరు. వెంట్రుక వాసి తేడా లేదు. తేలిగ్గా చెయ్యి అన్న మాట ఒక్కటే ఆమె చేతికి వినిపించింది. మిగిలినదంతా అలవాటు చేసేసింది. నాంచారమ్మ ఒకటి తీసి కుడి చెవికి పెట్టుకుంది. రెండోదాన్ని అరచేతిలో పెట్టుకుని, కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగుందే తల్లీ. మరి ఇదెక్కడ పెట్టుకోను?"

ఎగతాళిగా అడగలేదు. నిజంగానే అడిగింది. హైమావతి ముఖం చూడలేక నేను ఆకురాయి కోసం వెతుకుతున్నట్టు నటించాను. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. "చూశారుగా గురువుగారూ. చెవిని పట్టుకుని మరీ చూశాను. అయినా చెయ్యి జత చేసింది. ఇక అడగడానికి ఏముంది?" అని సుత్తికి తువ్వాలు చుట్టడం మొదలుపెట్టింది. గురువుగారు తల కూడా ఎత్తలేదు. "నగ ఇంకా కాలేదు కదమ్మా" అన్నారు. పోనీలే పాపం అనైనా అనొచ్చు. అనలేదు.

నాంచారమ్మ ఇద్దరినీ చూసి, "ఎండ మండిపోతోంది. తగ్గాక పోతాలే" అని అరుగు మీదికి వెళ్ళి, గంప తలకింద ఆనించుకుని పడుకుంది. పడుకున్న వెంటనే నిద్రపోయింది. తెల్లవారకముందే లేచే మనిషి. హైమావతి కూడా వెళ్ళి గుమ్మానికి జారబడి కూర్చుంది. ఇంటికి పోవడానికి ఓపిక లేక కూర్చుంది తప్ప, ఏదో చేద్దామని కాదు. చేతిలో రాగి తీగ తుంపు ఏదో ఉంటే దాన్ని వేలికి చుట్టుతూ, విప్పుతూ ఉంది.

నిద్రలో నాంచారమ్మ పైట జారిపోయింది. ఎడమ చెవి పూర్తిగా బయటపడింది. హైమావతి దాన్ని చూస్తూ కూర్చుంది. పొద్దున వేళ్ళతో పట్టుకుని కొలిచిన చెవే. ఇప్పుడు ఊరికే చూస్తోంది. తమ్మె చీలిపోయింది కానీ పైన మడత దిట్టంగా ఉంది. ఏ బరువైనా అక్కడ ఆగుతుంది. చెవి వెనక ఉప్పుగాలికి నల్లబడిన చర్మం. అంచున చిన్న పుట్టుమచ్చ. చూస్తూ చూస్తూ తన చేతిలోని తీగను ఆ వంపు ప్రకారం వంచింది. సరిపోలేదు. మళ్ళీ వంచింది. లేచి వచ్చి, తీగను కుంపట్లో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి మెత్తన చేసుకుని, మళ్ళీ వెళ్ళి కూర్చుంది.

ఒట్టి తీగ చెవి వెనక ఒరుసుకుంటుందని కాబోలు, తన చీర కొంగు అంచున వేలాడుతున్న పోగులు లాగి తీగకు చుట్టడం మొదలుపెట్టింది. పాతికేళ్ళ కిందటి ఆ పిల్ల ఇలాగే చుట్టేది. దారం తెగింది. విసుక్కుంది. మళ్ళీ చుట్టింది. ఒక చోట వదులైతే మొత్తం విప్పేసింది. ముఖంలో సంతోషం ఏమీ లేదు, అదే అలసట, నుదుటి మీద అదే చెమట. కానీ సుత్తి మూట ఎక్కడ పెట్టిందో ఆమెకు గుర్తున్నట్టు లేదు.

ఇక కిందికి వేలాడడానికి ఏదో కావాలి. లోపలికి తొంగిచూసి రేకు ముక్కల పెట్టె వైపు చూసింది, కాదనుకుంది. ఎంత పల్చని రేకైనా ఊగితే చీలిక అంచుకు గుచ్చుకుంటుంది. అప్పుడు ఆమె కళ్ళు నాంచారమ్మ తలకింద ఉన్న గంప మీద పడ్డాయి. గంప అల్లికలో పండుగొప్ప చేపల పొలుసులు ఎండి అతుక్కుని ఉన్నాయి. గోటితో ఒకటి ఊడదీసి ఎండకు పట్టి చూసింది. ఇంకోటి ఊడదీసింది. ముసలామె నిద్ర చెడకుండా గంప చుట్టూ పాకుతూ ఏరుకుంది.

"అయ్యో, నీచు!" అన్నాను నేను ఉండబట్టలేక. ఎంతైనా నగలు చేసే కొట్టు. కుంపటి ముందు దీపం పెట్టుకునే చోటు. గురువుగారు నావైపు ఒక చూపు చూసి, కుంకుడు రసం గిన్నె హైమావతి వైపు జరిపారు. ఆమె పొలుసులను అందులో నానబెట్టి రుద్ది, మంచినీళ్ళలో మళ్ళీ మళ్ళీ కడిగింది. ఆరబెడితే ఒక్కోటి లోపలి నుంచి లేత గులాబీ రంగు తేరింది. సూది వేడి చేసి పొలుసులకు బెజ్జాలు వేసి, సన్న తీగతో గుత్తిలా కట్టింది. పెద్దవి పైన, చిన్నవి కింద. ఒకటి పగిలింది. పగిలినదాన్ని కూడా పారేయలేదు, పక్కకు తిప్పి కట్టింది.

పొద్దు వాలుతుండగా, నిద్రపోతున్న నాంచారమ్మ చెవి పై మడతకు దాన్ని తగిలించింది. తీగ చెవి వెనక్కి ఒదిగింది. పొలుసుల గుత్తి చీలిక పక్కగా దిగింది. చీలిక దానివల్ల దాగలేదు, దాని పక్కనే కనబడుతూ ఉంది. నాంచారమ్మకు మెలకువ వచ్చింది. చెయ్యి అలవాటుగా పైట కోసం పోయి, దారిలో ఆ గుత్తిని తాకి ఆగిపోయింది. నేను అద్దం తెచ్చి ఇచ్చాను. చాలాసేపు చూసుకుంది. తల ఊపింది. పొలుసులు గలగలలాడాయి, ఇంచుమించు వినబడనంత మెల్లగా.

"ఇవి మన పండుగొప్పవి కదటే!" అంది. నవ్వబోయింది, నవ్వు మధ్యలోనే ఆగిపోయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైట తీసి భుజం మీద వేసుకుంది. తర్వాత కుడి చెవి బుట్ట ఊడదీసి, హైమావతి చేతిలో పెట్టింది. "దాని పక్కన ఇది వెలవెలబోతోందే. ఈ చెవికి కూడా అట్టాంటిదే చేసిపెట్టు తల్లీ."

హైమావతి ఆ బుట్టను పక్కన పెట్టేసింది. తర్వాత నాంచారమ్మ గడ్డం పట్టుకుని, ముఖాన్ని నెమ్మదిగా ఇటు తిప్పి, కుడి చెవిని చూసింది. పొద్దుటి నుంచి ఆ చెవిని అసలు చూడలేదని అప్పుడే తెలిసినట్టుంది ఆమెకు.

"అలాంటిది ఈ చెవికి నప్పదమ్మా. దీనికి వేరే ఏదో కావాలి. ఏమిటో ఇంకా తెలియట్లేదు. రేపు ఇటే వస్తావుగా, చూద్దాం."

నాంచారమ్మ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఒక చెయ్యి గంప మీద ఉంది, రెండోది ఊరికే పక్కన వేలాడుతోంది. వీధి మలుపు తిరిగేదాకా హైమావతి చూస్తూ నిలబడింది. లోపలికి వచ్చి కుంపటి దగ్గర కూలబడింది. వేళ్ళ నిండా తీగ గీతలు, కొంగు అంచు పోగులు పోయి చిందరవందర అయింది, చేతులు ఇంకా నీచు వాసన వేస్తున్నాయి.

"అలుపు మాత్రం అలాగే ఉంది గురువుగారూ" అంది.

"ఉంటుందమ్మా" అన్నారు గురువుగారు, బూడిద కింద నిప్పు కప్పెడుతూ. "ఇన్నేళ్ళూ ఎవరి చెవికి చేసి అలిసిపోయావు?"