జానెడున్నర ఎత్తు జీపు

తెలివిని కిలోల లెక్కన అమ్మే రోజే వస్తే ఊరందరికీ మేమే సరఫరా చేస్తామని చెప్పుకునేవాళ్ళు పైడినాయుడూ, అతని తమ్ముడు లింగునాయుడూ. ఇంతవరకూ కొనేవాడెవడూ రాలేదు, అది వేరే సంగతి.

వాళ్ళకో పాత జీపుంది. నాలుగు చక్రాలూ లాగుతాయి గానీ, చక్రాల మీద బండిని మోసే కమాన్ కట్టలు కుంగిపోయి కడుపు నేలని రాస్తూ ఉంటుంది. కొండ మీద అనాసకాయల షావుకారు, శనివారంనాడు బండి కడుపు రాయికి తగలకుండా కొండెక్కితే సంతకి కాయలు దింపే పని ఇస్తానన్నాడు. ఎక్కకపోతే జీపుని తుక్కుకి వేసేస్తానని పైడినాయుడి భార్య గంగమ్మి తేల్చి చెప్పింది. ఆ జీపంటే అతనికి ప్రాణం. అన్నం సయించలేదు.

కొత్త కమాన్ కట్టలు వెయ్యాలన్నాడు మెకానిక్ ఖాదర్. అంత డబ్బు లేదన్నారు. నేలకీ బండి కడుపుకీ మధ్య జానెడున్నర సందుండాలి, ఎలా తెచ్చుకుంటారో మీ ఇష్టమని విసుక్కున్నాడు.

అంతే. పలుగూ పారా తీసి జీపు కింద గొయ్యి తవ్వారు. కొలిస్తే జానెడున్నర కంటే బెత్తెడు ఎక్కువే వచ్చింది. ఖాదర్‌కి ఈమాత్రం తోచలేదే అని జాలిపడ్డారు కూడా. తీరా జీపుని బయటికి నడిపితే వీధి గుమ్మం రాయికి కడుపు కర్రుమని రాసుకుంది.

"గొయ్యి మనెంట రానేదు అన్నియ్యా" అన్నాడు లింగునాయుడు.

మళ్ళీ ఖాదర్ దగ్గరికి పోయారు. బరువు తగ్గిస్తే కాస్త లేస్తుంది, నన్ను వదిలెయ్యండన్నాడు పాపం. ఇంకేముంది, సీట్లు పీకారు, తలుపులు పీకారు, టాపు పీకారు. వేలెడు లేచింది. అన్నిటికంటే బరువు ఇంజను. దానికీ గొలుసేసి పైకి లాగి అరుగు మీద పెట్టారు. జీపు ముందుభాగం ఎంత ఠీవిగా లేచిందంటే, పైడినాయుడికి ఆనందంతో కళ్ళనీళ్ళొచ్చాయి.

శనివారం పక్కింటి ఎద్దుల్ని కట్టి, తాము వెనకనుంచి నెడుతూ కొండెక్కారు. కడుపు ఒక్క రాయికీ తగల్లేదు. కాయలెక్కించమన్నాడు షావుకారు. ఎక్కిస్తే ఇంత కష్టపడి లేపిన బండి దిగిపోదూ? అందుకని గంపలు నెత్తిన పెట్టుకుని ఖాళీ జీపు వెనకాలే సంత దాకా నడిచారు. షావుకారు ఖాళీ జీపునీ, వాళ్ళ నెత్తి మీది గంపల్నీ మార్చి మార్చి చూశాడు. చివరికి, వచ్చే శనివారానికి కొత్త కమాన్ కట్టలు వేయించి, కాయలు బండిలోనే దింపాలి, అదే ఆఖరన్నాడు.

డబ్బెక్కణ్ణుంచి తేవాలి? పైడినాయుడు దిగులుగా అరుగు మీద కూలబడబోతే ఇంజను అడ్డమొచ్చింది. నాలుగు రోజులుగా అందరి కాళ్ళకీ తగులుతున్న ఇనుము. అంతే, తుక్కువాడికి వేసేశారు. జీపు దక్కింది, అరుగూ ఖాళీ అయిందని గంగమ్మి మొగుణ్ణి మొదటిసారి మెచ్చుకుంది. ఆ డబ్బుతో కొత్త కట్టలు పడ్డాయి. సీట్లూ తలుపులూ మళ్ళీ ఎక్కాయి. జీపు ఏనుగులా నిలబడింది.

శనివారం పొద్దున్నే, ఇక ఎద్దులతో పనేముందని వాటిని తోలేసి, పైడినాయుడు స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పాడు. చప్పుడు లేదు, అదురు లేదు. మళ్ళీ తిప్పాడు. అతని మొహం వెలిగిపోయింది.

"సూసావేట్రా తమ్మీ, కొత్త కట్టల మహిమ? ఇంజనాడతన్నట్టే తెలవట్నేదు. గట్టిగా అట్టుకో" అని, దారికి అడ్డంగా ఉన్న కోళ్ళని తప్పుకోమని కేకేశాడు.