అంకమ్మ ఊ కొట్టలేదు

“అమ్మగారూ, రాజుల మీద తిరగబడి చచ్చినవాళ్ళను, మా కోసమే చచ్చారని ఆ రాజులే చెప్పుకుంటుంటే, చేతిలో ఏమీ లేనివాళ్ళు ఏం చెయ్యగలరు?” అని అడిగాడు శిష్యుడు భావనారాయణ.

శాంతమాంబగారు వాదనతో జవాబు చెప్పే మనిషి కాదు. జపమాల కళ్ళకద్దుకుని పక్కన పెట్టి, ఒక సంగతి చెప్పారు.

సముద్రపు ఒడ్డున ఉప్పుమళ్ళ ఊరొకటి. మళ్ళ మీద పన్ను మూడింతలు చేస్తే, ఆ ఊరి కోడలు అంకమ్మకు మామగారైన బసవయ్య, ఇంకో ఆరుగురు, ఉప్పు ఎత్తుకుపోయే రాజుగారి బళ్ళకు అడ్డంగా పడుకున్నారు. బళ్ళు ఆగలేదు. ఆ ఏడే వాళ్ళ మళ్ళూ లాక్కున్నారు. నలభై ఏళ్ళకు ఆ రాజుగారి మనవడు అదే చోట రాయి నిలబెట్టి, పరాయి దండు మీదికొస్తే మా తాతగారి కోసం ప్రాణాలిచ్చిన వీరులు అని చెక్కించాడు. ఆ రాయి దగ్గర వాళ్ళ కథ చెప్పడానికి పట్నం నుంచి పేరున్న కథకుణ్ణి పిలిపించాడు.

కథ అన్నాక ఊ కొట్టేవాళ్ళుండాలి కదా. పోయినవాళ్ళ కథ చెబితే తొలి ఊ ఆ ఇంటి పెద్దది, తర్వాతే మిగతావాళ్ళది. అది ఆ ఊరి మర్యాద. ఠాణేదారు ముందే అంకమ్మ గడప దగ్గరికొచ్చి, “అవ్వా, నువ్వు ఊ అంటే చాలు. మీ మళ్ళు మీకొస్తాయి,” అన్నాడు. కూలికి పోయే కోడలు అత్త మొహంలోకి ఆశగా చూసింది.

కథకుడు తంబురా మీటి, “బసవయ్య రాజుగారి పాదాలకు మొక్కి బయల్దేరాడు,” అని ఆగాడు. అంకమ్మ నోరు మెదపలేదు. ఊ వినపడనిదే మాట ముందుకు వెయ్యకూడదని అతనికి గురువు పెట్టిన నియమం. మళ్ళీ అన్నాడు. సముద్రపు హోరు తప్ప ఏమీ లేదు.

“ఏమవ్వా, చెవుడా?” అన్నాడు ఠాణేదారు.

“చెవులు బాగానే ఉన్నాయి నాయనా. అదే వచ్చిన చిక్కు,” అంది అంకమ్మ. కథకుడి వైపు తిరిగి, “మా మామ ఆ పొద్దున చద్దికూడు తిని, చెయ్యి కడుక్కుని, బండిచక్రం ముందు పడుకున్నాడయ్యా. ఆ బండి రాజుగారిదే,” అంది.

కథకుడు తంబురా ఒళ్ళోంచి దించాడు. తల వంచుకుని, “ఊ,” అన్నాడు. ఆ వెంటనే పలికింది కోడలు. తర్వాత ఊరంతా.

“మరి మళ్ళు తిరిగొచ్చాయా అమ్మగారూ?”

శాంతమాంబగారు వెన్ను నిటారుగా చేసుకుని కూర్చున్నారు.

“మా ఇంట్లో ఈనాటికీ ఉప్పు కొనుక్కునే తింటాం నాయనా,” అన్నారు.