చివరి అంకె నుంచి

శిష్యులు ప్రశ్న అడిగితే ఆచార్య పద్మనాభం గారు బోర్డు దగ్గరికి వెళ్లేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు.

ఆరోజు వచ్చింది ఇందుమతి. రెండేళ్లుగా ఆయన దగ్గర అల్గారిథమ్‌ల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. పరిశోధన మానుకుంటున్నానని రాసిన ఉత్తరం సంచిలో ఉంది. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

"సార్, నా సమస్యకు ఇప్పుడున్నదానికంటే వేగమైన పద్ధతి ఉండదని నేనే రుజువు చేసేశాను. ఇక వెతకడం దేనికి?"

ఆయన ఆ కాగితాలు చదివారు. 'అంశాలను రెండేసి చొప్పున పోల్చుతూ పోదాం' అన్న మొదటి వాక్యం మీద కాసేపు వేలు నిలిపారు. "తప్పేమీ లేదమ్మా" అని చెప్పులు వేసుకున్నారు.

పరీక్షల విభాగంలో అటెండరు జోజిబాబు నేలమీద కూర్చుని, కలగాపులగంగా వచ్చిన ఎనిమిది వందల జవాబుపత్రాలను నంబర్ల వరసలో పెడుతున్నాడు. ఒక్కో మూడంకెల నంబరులో చివరి అంకె మాత్రం చూసి, పది దొంతరలు వేస్తున్నాడు.

ఇందుమతికి నవ్వాగలేదు. "తోక నుంచి మొదలెట్టారేంటి జోజిబాబు గారూ? ఏడొందల ఒకటీ, నూట ఒకటీ ఒకే దొంతరలో పడ్డాయి!"

"పడనీండి మేడం. ఆ నవ్వు కాస్త దాచుకోండి, చివర్లో కావాల్సొస్తుంది."

దొంతరలన్నీ వరసగా ఎత్తి, ఈసారి మధ్య అంకె చూసి మళ్లీ పంచాడు. సాయం చేద్దామని ఇందుమతి ఒక దొంతర తీసుకుని, పేకముక్కల్లా కలిపి అంచులు సమం చేసింది. జోజిబాబు లబోదిబోమన్నాడు.

"అయ్యో మేడం! దేని కింద ఏదుందో అదేనండీ ఇందాకటి నుంచీ నేను పడ్డ పాటంతా!"

ఆ దొంతరను మళ్లీ చివరి అంకెల ప్రకారం సర్దుకుని, మొత్తం ఎత్తి, మూడోసారి మొదటి అంకెతో పంచి కట్ట కట్టాడు. ఇందుమతి తిరగేసి చూసింది. ఒక్క కాగితం కూడా వరస తప్పలేదు. ఎమ్‌టెక్ పరీక్షలో పది మార్కులకు తను రాసిన పద్ధతే అది!

"ఏ రెంటినీ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో చూడలేదు కదూ?" అంది నెమ్మదిగా.

"అంత తీరికెక్కడిదమ్మా?"

తిరిగి వస్తూ వరండాలో ఆగిపోయింది. "అయితే నా రుజువు తప్పా సార్?"

"తప్పెందుకవుతుంది? జోజిబాబు కూడా కాదనలేదుగా. అందులో మొదటి వాక్యం మళ్లీ చదువుకో. ఆ సంచిలో ఉత్తరం రేపు ఇద్దువుగానిలే."